కనుమ విందులో జింక కూరకు చోటు అడుగుతున్నాను

జనవరిలో ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు సంఘం పెట్టిన సంక్రాంతి సంబరాల్లో ఏం జరిగిందో కొందరు చూశారు, మిగతావాళ్లు వాట్సాప్ గ్రూపులో చదివారు. కనుమ విందు బల్ల మీద నాటుకోడి పులుసు, గోంగూర మటన్, రొయ్యల ఇగురు, చేపల పులుసు వరసగా ఉన్నాయి. వాటి పక్కన మా ఇంటి నుంచి తెచ్చిన జింక కూర గిన్నె పెట్టాను. వంటల జాబితాలో ముందే ఆ పేరు రాసి ఉంచాను, ఎవరూ వద్దనలేదు. తీరా వడ్డన మొదలయ్యే వేళకు కమిటీ సభ్యులొకరు వచ్చి గిన్నె మీద ఫాయిల్ కప్పి, "అన్నా, ఇది కార్లో పెట్టేయండి. వేటాడి చంపింది పిల్లలకి ఎలా పెడతాం?" అన్నారు. నైన్త్ గ్రేడ్ చదివే మా అమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కనే ఉంది. ఆ మాంసం కోసేటప్పుడు గరాజ్‌లో నాతోపాటు కూర్చుని సంచుల మీద తేదీలు రాసిన పిల్ల. "మరి ఆ మేకని ఎవరు చంపారు నాన్నా?" అని తెలుగులోనే అడిగింది. ఆయనకు వినపడింది. జవాబు చెప్పకుండా గిన్నె నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

ఆయన మీద నాకు కోపం లేదు. మా గృహప్రవేశానికి తెల్లవారకముందే వచ్చి కుర్చీలు వేసిన మనిషి. కానీ మా అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. దానికి మన సంఘంలో ఎవరో ఒకరు నిలబడి జవాబు చెప్పాలి. పైగా గ్రూపులో కొందరు "దొంగతనంగా కొట్టుకొచ్చాడు", "ఇండియాలో అయితే జైలే" అని రాశారు. అందుకే ఆ జింక మా ఇంటికి ఎలా వచ్చిందో మొదటినుంచీ చెబుతాను.

టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. రాంచ్ ఉన్నవాళ్లు వేటాడుకుంటారు, డబ్బున్నవాళ్లు రాంచ్ లీజుకు తీసుకుంటారు. మిగతావాళ్లకు ఉన్న దారుల్లో ముఖ్యమైనది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వేట పెర్మిట్లకు ఏటా తీసే డ్రా. జులైలో దరఖాస్తులు మొదలవుతాయి. కేటగిరీని బట్టి 3 డాలర్లో 10 డాలర్లో కట్టి, ఏ పార్కు, ఏ తేదీలు కావాలో ఎంచుకుంటాం. పేరు వస్తే పెర్మిట్‌కు 80 డాలర్లు, ఎక్కువ రోజుల వేటకైతే 130. రాకపోతే ఆ కేటగిరీలో ఒక పాయింట్ జమవుతుంది, వచ్చే ఏడాది అవకాశం కాస్త పెరుగుతుంది. ఈమెయిల్ తెరిచి పేరు లేదని చూసుకుని మళ్లీ ఏడాది ఆగడం హెచ్1బి డ్రాలో మనందరం పడ్డదే. నాకు కొన్నేళ్లు పాయింట్లే మిగిలాయి. అయినా ఈ పద్ధతి అంటే నాకు గౌరవం. కంపెనీ ఓనరైనా, పెట్రోల్ బంకులో రాత్రి షిఫ్టు చేసేవాడైనా ఆ డ్రాలో ఒక పేరే.

పేరు రావడానికి ముందే చదువుకోవాల్సింది ఉంది. 1971 సెప్టెంబర్ 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తొమ్మిదేళ్లు నిండిన పిల్లలు కూడా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మా అమ్మాయి నాతోపాటే చేసింది, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆ కోర్సులో మొదట చెప్పేవాటిలో ఒకటి: గురి ఏమిటో, గురి వెనక ఏముందో కళ్లతో చూసి తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. అది విన్నప్పుడు నాకు దశరథుడు గుర్తొచ్చాడు. సరయు ఒడ్డున చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. శ్రవణకుమారుడు పోయాడు, గుడ్డి తల్లిదండ్రుల శాపం తగిలింది. ఆ కథ మన పిల్లలకు తల్లిదండ్రుల సేవ కోసం చెబుతాం. వేటగాడికి అందులో అంతకంటే ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఉంది.

నాకు వచ్చింది పెడర్నాలిస్ ఫాల్స్ స్టేట్ పార్కులో, డిసెంబర్‌లో, కొమ్ములు లేని జింకకు పెర్మిట్. ఆస్టిన్ నుంచి గంట దూరం. ఎండాకాలం పిల్లల్ని తీసుకెళ్లి ఆ బండల మీద మనమంతా ఫొటోలు దిగిన చోటే. వేట ఉన్న రోజుల్లో పార్కును మామూలు సందర్శకులకు మూసేస్తారు. పార్కులో వేటేమిటి అని మీరు అడగొచ్చు. ఆ పార్కున్న కొండల ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. అక్కడ తోడేళ్లు ఎప్పుడో పోయాయి. కొత్తగా పుట్టిన కూనల బొడ్డులో చేరి చంపే స్క్రూవర్మ్ పురుగును 1960లలో అదుపు చేశారు. ఆ తర్వాత జింకలను ఆపేది ఏదీ మిగల్లేదు. ఒకటికి పది అయ్యాయి. అవి ఓక్ మొక్కను చేతి ఎత్తుకు కూడా పెరగనివ్వవు. పెద్ద చెట్లు ముసలివై పోతున్నా, వాటి స్థానంలో వచ్చే పిల్ల చెట్లు ఉండవు. కరువు ఏడాదిలో జింకలే డొక్కలు ఎండి చస్తాయి. మంద తగ్గాలంటే కొమ్ములున్న మగదాన్ని కొడితే లాభం లేదు, ఆడవి తగ్గాలి. అందుకే ఆ పెర్మిట్.

వేటకు ముందు చెక్ స్టేషన్ దగ్గర అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. ఎవరికి ఏ మాటు అన్నది కూడా చీటీలు తీసే తేల్చారు. ఒంటి మీద నారింజ రంగు 400 చదరపు అంగుళాలకు తగ్గకూడదు. ఛాతీ మీద, వీపు మీద 144 చొప్పున కనిపించాలి, తలమీద టోపీ కూడా ఆ రంగుదే ఉండాలి. తోటి వేటగాడికి మనం మనిషిలా కనిపించడం కోసం ఈ ఏర్పాటు. నాకు రైఫిల్ పట్టుకోవడం నేర్పింది మా వీధి చివర ఉండే పెద్దాయన. లానో దగ్గర పుట్టి పెరిగినవాడు. ఎండాకాలమంతా రేంజ్‌కు తీసుకెళ్లి కాగితం గుండ్రాల మీద కొట్టించాడు. డబ్బులిస్తానంటే తీసుకోలేదు, మా ఆవిడ చేసిన పులిహోర మాత్రం తీసుకున్నాడు. ఆయన నాకు ఒకే మాట పదేపదే చెప్పాడు: కొట్టకుండా తిరిగొస్తే తలవంపు కాదు, గాయపరిచి పోగొట్టుకుంటే అది మాత్రం జన్మలో మర్చిపోలేవు.

తెల్లవారుజామున చీకట్లోనే మమ్మల్ని ఎవరి మాటు దగ్గర వాళ్లను దించారు. అంత చలిలో కదలకుండా కూర్చోవడం ఇక్కడ బతుకులో మనం మరిచిపోయిన పని. ఫోన్ ఆఫ్ చేశాను. సీడర్ ఆకుల వాసన, దూరంగా నది చప్పుడు. నా వెనక ఎండుటాకుల్లో ఏదో పెద్దది నడుస్తున్నట్టు అలికిడైంది. గుండె దడదడ కొట్టుకుంది. సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చొచ్చని నియమం ఉన్నా వెలుతురు చాలడం లేదు, తిరగలేదు. కాసేపటికి ఒంటి మీద పెంకుండే ఆర్మడిల్లో అనే జంతువొకటి నేలను ముక్కుతో తవ్వుకుంటూ నా కాళ్ల పక్కనుంచే పోయింది. అంత చిన్న ప్రాణి అంత చప్పుడు చేస్తుందని ఆ చీకట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. దశరథుడి చెవి అతన్ని ఎలా మోసం చేసిందో నాకు అక్కడ అర్థమైంది.

ఎండ చెట్ల కొనల మీదకు వచ్చాక మూడు ఆడ జింకలు వాగు పక్కనుంచి ఎక్కి వచ్చాయి. ముందున్నది ఎనభై గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. స్కోపులో దాని ముంగాలి వెనక చోటు స్పష్టంగా కనిపిస్తోంది. కానీ సరిగ్గా దాని వెనకే రెండోది నిలబడి ఉంది. గుండు ఒకదాన్ని దాటి ఇంకోదానికి తగలొచ్చు. ఆగాను. ముందుది తల ఎత్తి నావైపే చూసింది. తోక ఒకసారి విదిల్చింది. పోతాయనుకున్నాను. పోలేదు, తల దించి మళ్లీ మేత మొదలుపెట్టింది. వెనకది నాలుగడుగులు జరిగి చెట్టు చాటుకు వెళ్లింది. ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కాను.

అది ఒక్క ఎగురు ఎగిరి సీడర్ పొదల్లోకి పరిగెత్తింది. ఆ పెద్దాయన చెప్పినట్టు వెంటనే లేవలేదు. వెంటపడితే ప్రాణం ఉన్న జంతువు భయంతో ఇంకా దూరం పోతుంది, దాని బాధ పెరుగుతుంది. అరగంట అలాగే కూర్చున్నాను. ఆ అరగంటలో నాకు సంతోషం లేదు, దిగులూ లేదు, ఒకటే టెన్షన్: దొరుకుతుందా, దొరకదా. లేచి వెళ్తే సున్నపురాయి మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. వాటి వెంబడి పోతే కొద్ది దూరంలోనే పక్కకు ఒరిగి పడి ఉంది. ప్రాణం పోయింది. టోపీ తీసి, దాని మెడ మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగా ఉంది. దణ్ణం పెట్టుకున్నాను. ఏ మంత్రమూ నోటికి రాలేదు. "నిన్ను వృథా పోనివ్వను" అని తెలుగులో పైకే అన్నాను.

పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు చేతులు వణికాయి. చెక్ స్టేషన్‌లో తూకం వేశారు. అక్కడి బయాలజిస్ట్ దవడ పళ్లు చూసి రెండున్నరేళ్లది అన్నారు. సీడబ్ల్యూడీ పరీక్షకు నమూనా తీసుకున్నారు. జింకల మెదడును తినేసే ఈ జబ్బు టెక్సస్‌లో 2012లో మొదటిసారి బయటపడింది. రిపోర్టు నెగటివ్ అని వచ్చేదాకా ఫ్రీజర్‌లోంచి ఒక్క ముక్క తీయలేదు. "జబ్బు జంతువు పెట్టాడు" అని రాసినవాళ్లు ఈ సంగతి గమనించాలి. విందుకు వచ్చిన మిగతా మాంసాల్లో దేన్ని ఎక్కడ ఎవరు పరీక్ష చేశారో నాకు తెలియదు, మీకూ తెలియదు.

ఆ డిసెంబర్‌లో అమ్మ ఇక్కడే ఉంది. సంచులు చూసి అడిగిన మొదటి మాట, "ఆడదా? కడుపుతో ఉందా?" హిల్ కంట్రీలో జింకలు నవంబర్‌లో కలుస్తాయి. "అయి ఉండొచ్చమ్మా, చూస్తే తెలిసేంత కాలేదు" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మంద లెక్కలు, ఓక్ మొక్కలు, కరువు అన్నీ చెప్పాను. విన్నది. "నీ లెక్క సరే గానీ" అని ఆగిపోయింది. ఆ మాటకు మించి నా దగ్గరా సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. మర్నాడు తనే లేచి, కొవ్వు పొరలన్నీ ఒలిచేసి, పెరుగూ పసుపూ పట్టించి నానబెట్టింది. ఈ మాంసానికి నూనె ఎక్కువ కావాలని వాసన చూసే చెప్పింది. ధనియాలు, గసగసాలు, కొబ్బరి నూరి వేసి సన్నని సెగ మీద మధ్యాహ్నం దాకా ఉడికించింది. మొదటిరోజు తను తినలేదు. రెండోరోజు మజ్జిగన్నానికి ముందు రెండు ముక్కలు వేసుకుంది. కనుమకు గిన్నె నింపింది కూడా అమ్మే. దాన్ని తిరిగి ఇంటికి తెచ్చినప్పుడు ఏం జరిగిందని తను అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా తాతగారిది ఎర్రగొండపాలెం పక్క పల్లె. నల్లమల కనిపించే ఊరు. సంతకు చెంచులు తేనె, చింతపండు తెచ్చేవాళ్లు. వాళ్ల వేట కథలు తాత చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ని. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అక్కడ వేట నేరం. అది అలాగే ఉండాలి. మన అడవి తరిగిపోయింది, మిగిలిన జింకను ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఊళ్లో పండక్కి మేకను కోస్తే తాత విస్తరాకుల్లో పోగులు పెట్టేవాడు. ప్రతి పోగులో కాస్త మెత్తటి మాంసం, కాస్త ఎముక, కాస్త కాలేజం పడాలి. ఎవరి పోగు ఎక్కువైందని గొడవ వచ్చిందంటే ఆయనకు నామోషీ. పిల్లలం చుట్టూ నిలబడి చూసేవాళ్లం. మా మనసులేమీ విరిగిపోలేదు. మేకను పెంచిన అవ్వ ఆరోజు అన్నం తినేది కాదని మాత్రం గుర్తుంది.

ఇప్పటి ఇంటి అలవాట్లను నేను తప్పు పట్టను. అందరికీ తీరిక లేదు. అయినా చెప్పాలి: హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో ఫోన్ నొక్కితే ఎముక తీసి, తోలు తీసి, వాసన కూడా లేకుండా డబ్బాలో వస్తుంది. ఇక్కడ కాస్ట్కోలో ప్లాస్టిక్ ట్రేలో వస్తుంది. కొట్టుకు వెళ్లి కోడిని చూపించి కోయించుకున్న మనమే, ఒక తరం తిరిగేసరికి, జంతువు ముఖం చూడకపోవడాన్ని శుభ్రత అనుకుంటున్నాం. తలుపు వెనక ఎవరో చంపితే పుణ్యాత్ములం, ఎండలో నిలబడి మనమే చంపితే పాపాత్ములం. ఈ లెక్క మన పిల్లలకు నేర్పకండి.

కనుమ నాడే ఈ అభ్యంతరం వచ్చినందుకు నాకు మరీ బాధ. ఆరోజే తిరుమలలో మలయప్ప స్వామి పార్వేట మండపానికి వేటకు బయల్దేరతాడు. అహోబిలంలో నరసింహస్వామి కనుమ నాడు పార్వేటకు దిగి, నెలకు పైగా ఊరూరా తిరిగి పూజలందుకుంటాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు కాబట్టి చెంచులే ఆయనకు ముందు ఎదురొస్తారు. కాళహస్తిలో తిన్నడు ఎంగిలి చేసిన మాంసాన్ని శివుడు కాదనలేదు. మారీచుడి బంగారు లేడి ఒక్కటే మన కథ అనుకుంటే, మిగతా సగం కథ ఎవరికి వదిలేశాం?

ఇక తుపాకి. దీని గురించి తేలిగ్గా మాట్లాడను. 2023 మే 6న డల్లాస్ దగ్గర ఆలెన్ మాల్‌లో కాల్పులకు ఎనిమిది మంది చనిపోయారు. అందులో హైదరాబాద్ నుంచి వచ్చిన మన అమ్మాయి ఉంది. అంతకు ముందు ఏడాది ఉవాల్డే స్కూల్లో చిన్నపిల్లలు. స్కూల్ నుంచి పిల్ల వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునే తల్లి "నాకు ఆ మాటే వినబడొద్దు" అంటే ఆమెతో వాదించను. మా ఇంట్లో రైఫిల్ సేఫ్‌లో తాళం కింద ఉంటుంది, గుండ్లు వేరే చోట వేరే తాళం కింద ఉంటాయి. దాన్ని సంఘం కార్యక్రమానికి తేవాలని, దాని ఫొటో బ్యానర్ మీద వేయాలని నేను ఏనాడూ అడగలేదు. ఆరోజు నేను తెచ్చింది కూర గిన్నె.

శాకాహారుల మాట కూడా చెప్పాలి. వాళ్ల అభ్యంతరం నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు మేకకూ జింకకూ తేడా పెట్టరు. వాళ్లకు విడిగా బల్ల ఎప్పటినుంచో ఉంది, ఉండాలి. ఆరోజు ఆ బల్ల నుంచి ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. "అమాయకపు జింక" అన్నది నాటుకోడి వడ్డించుకుంటున్నవాళ్లు.

చట్టం ప్రకారం చిక్కేమైనా ఉందా అని అడిగి ఉంటే దాన్ని సరైన ప్రశ్న అనేవాణ్ని. టెక్సస్‌లో వేటాడిన తెల్లతోక జింక మాంసం అమ్మడం నేరం. తినదగ్గ మాంసాన్ని కావాలని పాడుచేయడమూ నేరమే. మన కనుమ విందుకు టికెట్ లేదు, ఎవరింటి వంట వాళ్లు తెచ్చి పంచుకుంటారు. ఇంకో సంగతి. మన రెండు రాష్ట్రాల అధికార జంతువులైన కృష్ణజింక, చుక్కల జింక రెండింటినీ 1930లలో ఈ హిల్ కంట్రీకి తెచ్చి వదిలారు. ఇక్కడి చట్టం వాటిని బయటి జంతువులుగా చూస్తుంది, వాటి వేటకు సీజన్ అంటూ లేదు, ఏడాది పొడవునా వేటాడొచ్చు. ఆస్టిన్ రెస్టారెంట్లలో జింక మాంసం పేరుతో వడ్డించేది చాలాసార్లు చుక్కల జింకదే. మన వాళ్లు ఆఫీసు పార్టీల్లో అది తింటూ నాకు కనిపించారు, అప్పుడెవరూ ఏమీ అనలేదు.

కమిటీని నేను కోరేది ఎక్కువేం కాదు. వచ్చే కనుమకు మాంసాహార బల్ల చివర వేటాడి తెచ్చిన వంటకాలకు చిన్న చోటు ఇవ్వండి. ముందు పెద్ద అక్షరాల్లో అదేమిటో రాసిన అట్ట పెట్టండి. వద్దనుకున్నవాళ్లు దాటిపోతారు. పిల్లలు అడిగితే వాళ్లకు జవాబు చెప్పడానికి నేను అక్కడే ఉంటాను. రెండోది, ఏటా థాంక్స్‌గివింగ్‌కు ఫుడ్ బ్యాంకుకు బియ్యం సంచులు మోసే మన వాలంటీర్లు ఈసారి హంటర్స్ ఫర్ ది హంగ్రీ గురించి కూడా అడిగి తెలుసుకోండి. ఫీడింగ్ టెక్సస్ నడిపే ఈ కార్యక్రమంలో వేటగాళ్లు ఇచ్చిన జింకను కోసి, ఆ మాంసాన్ని ఆకలితో ఉన్న ఇళ్లకు పంపుతారు. మన సంఘం పేరు అక్కడ ఉండడానికి ఒక్కరు కూడా తుపాకి పట్టాల్సిన పని లేదు.

ఉగాదికి ముందు జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ రెండు విషయాలూ ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి ఉత్తరం రాశాను. వ్యతిరేకించేవాళ్లు తప్పకుండా రండి, మీ మాట ఎదురుగా వింటాను. గ్రూపులో రాసి వెళ్లిపోకండి. మాతోపాటు వేటకు రావాలనుకునే వాళ్లు ముందు కోర్సు చేయండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు తుపాకి విషయంలో ఫెడరల్ చట్టం వేరుగా ఉంటుంది. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉన్నా, లాయర్‌ను అడగకుండా రైఫిల్ ముట్టుకోకండి. గుంపుగా దరఖాస్తు పెట్టుకునే వీలుంది. జులైలో డ్రా తెరవగానే మా అమ్మాయి, నేను పెడుతున్నాం.